నేను సరిచేసిన అక్క

మా ఇంటి ముందుగదిలో దండ వేసిన ఫొటో ఒకటి ఉంది. వచ్చినవాళ్లు దాన్ని చూసి, మీ అక్క ఎంత కళగా ఉండేదో అంటారు. నేను తలూపుతాను. ఏడేళ్లుగా ఊపుతున్నాను. ఉత్త తలూపడమే కదా, అది ఇంత బరువుంటుందని ఎవరికి చెబితే నమ్ముతారు? నా భార్యకు చెప్పలేదు. కూతురికి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే నోరు విప్పుతున్నాను. మధ్యలో ఆగిపోతే ఏమీ అనుకోకండి.

మాది మోత్కూరు దగ్గర నేతపని చేసుకునే ఇల్లు. బాపు మగ్గం మీద కూర్చుంటే, మా సత్తెక్క రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టేది. నాకు ఆ పని అబ్బలేదు. కెమెరా పట్టుకుని స్టూడియో పెట్టుకున్నాను. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాకంటే తొమ్మిదేళ్లు పెద్దదైన అక్కే నన్ను చంకనేసుకుని పెంచింది.

మా వైపు బోరునీళ్ల సంగతి మీరు వినే ఉంటారు. వాటిలోని ఫ్లోరైడు ఎముకలకు పడుతుంది. ఇద్దరం ఒకే బోరు నీళ్లు తాగాం. నాకు పళ్ల మీద పసుపు మరకలతో సరిపోయింది. అక్కకు మాత్రం పదిహేనేళ్లకే మోకాళ్లు వంగాయి. తర్వాత నడుము వంగింది, ఆ తర్వాత మెడ బిగుసుకుపోయింది. ఎదుటి మనిషిని చూడాలంటే తల పక్కకు తిప్పి, కింది నుంచి ఒక కంటితో పైకి చూసేది. పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. రాష్ట్రం వచ్చిన కొన్నాళ్లకు మా నల్లాలో కృష్ణా నీళ్లు పడ్డాయి. అక్క ఒక గ్లాసు తాగి, తియ్యగున్నయని నవ్వింది. అప్పటికి ఆమెకు నలభై ఏడేళ్లు.

పక్కింటి సుగుణమ్మ ప్రార్థనకు పోతుంది. ఆదివారం విన్నదంతా సోమవారం వచ్చి అక్కకు అప్పజెప్పేది. అక్క కండె చుట్టుకుంటూ వినేది. మతం మారలేదు, మార్కండేయుడి పటానికి దీపం పెట్టడం మానలేదు, కానీ ఒక్క మాట మాత్రం పట్టుకుంది. దేవుడు మనిషిని తన పోలికలోనే చేశాడట. పోలిక అంటే ఒంటిది కాదు, మనసుది అని సుగుణమ్మ సర్దిచెప్పబోయింది. అక్క వింటేనా? ముక్కుకు పోలిక ఉంటుంది, నడకకు పోలిక ఉంటుంది, కనబడని మనసుకు పోలిక ఎట్లా చూస్తారని ఆమె వాదం. అక్కతో వాదించి గెలిచినవాళ్లు మా వాడలో లేరు.

ఒక మధ్యాహ్నం నాకు అన్నం పెడుతూ, తన ఫొటో తీయమంది. తల నుంచి కాళ్ల దాకా, ఉన్నది ఉన్నట్టు. పింఛను కోసం తీసిన మొహం ఫొటో తప్ప ఆమెకు ఇంకోటి లేదు. ఇంట్లో అద్దం అరచేయంత. తన ఒళ్లు మొత్తం తాను ఒక్కసారి కూడా చూసుకోలేదు. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఫొటోలు తీసినవాణ్ని, నాకు ఆ సంగతే తట్టలేదు. చూసుకుంటుందట. ఆ పోలిక తనలో ఎక్కడుందో తానే వెతుక్కుంటుందట.

స్టూడియోకు తీసుకుపోయాను. బాపు పోయే ముందు నేసిన ఆకుపచ్చ చీర కట్టుకుంది. స్టూలు వేస్తే వద్దంది. కట్టె పట్టుకుని నిలబడింది. దవాఖానలో డాక్టరు ముందు కూడా కొంగు కప్పుకునే మనిషి, ఆ రోజు లైట్ల వెలుగులో ఏదీ దాచుకోలేదు. వంగిన నడుము, వంకర మోకాళ్లు, బిగిసిన మెడ, అన్నీ అట్లాగే ఉంచి, కింది నుంచి ఆ ఒక్క కంటితో నేరుగా కెమెరాలోకి చూసింది. ఎవరో పేరు పెట్టి పిలిస్తే ఇదిగో వచ్చానన్నట్టుంది ఆ చూపు. పదకొండు ఫొటోలు తీశాను. నా చేతి మీదుగా అంత మంచి ఫొటో మళ్లీ రాలేదు.

ఇక చెప్పాలి.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. చనిపోయినవాళ్లకు చాలామందికి మంచి ఫొటో ఉండదు. రేషన్ కార్డు ముక్కో, పెళ్లి ఫొటోలో మూలకు పడిన మొహమో పట్టుకొస్తారు. మేం తల వరకు కోసి, కంప్యూటర్‌లో ముందే దాచుకున్న ఒంటికి అతికిస్తాం. మగవాళ్లకు కోటు, ఆడవాళ్లకు పట్టుచీర. దినాల నాటికి పటం సిద్ధమవుతుంది, ఇంటివాళ్లు మురిసిపోతారు. బతికున్న నా అక్కకు నేను అదే పని చేశాను. మెడ తిప్పాను. కన్ను సరిచేశాను. నిటారుగా నిలబడ్డ ఎవరిదో ఒంటి మీద ఆమె తల పెట్టాను. అతుకు ఎక్కడుందో నేనే కనిపెట్టలేనంత బాగా కుదిరింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను కూడా.

నాలుగో రోజు ఫ్రేము కట్టించి తెచ్చిచ్చాను. ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. వేలితో ఆ నడుము దగ్గర తడిమింది.

"గీమె ఎవలురా తమ్మీ?"

"నువ్వేనక్కా. కెమెరల గట్ల పడ్డవ్."

"మంచిగున్నది. గీమెనైతే ఆయన పోలికెలనే చేసిండు. తెలుస్తనే ఉన్నది." ఫ్రేమును వెనక్కి తిప్పి చూసింది. "నేను దిగింది లేదా?"

"లేదక్కా. అది ఖరాబైంది."

"మల్ల తీస్తవా?"

"తీస్త. జర పని తీరనియ్యి."

పని తీరలేదు. తీరనివ్వలేదు. ఆమె మళ్లీ అడగలేదు. ఆ ఫ్రేమును సందుగులో చీరల కింద పెట్టేసింది. పోలిక గురించి కూడా ఇంకెప్పుడూ మాట్లాడలేదు. సుగుణమ్మ వచ్చి ఏదైనా చెప్పబోతే, మాట మార్చి వానల గురించి అడిగేది. అది చూసి కూడా నేను కెమెరా తీయలేదు. ఎందుకు? ఒక్క గంట పని. ఆమెను మళ్లీ నిలబెట్టి తీసి చేతిలో పెడితే అయిపోయేది. రేపు చేద్దాం, ఈ పెళ్లిళ్లు కానీ అని రెండేళ్లు గడిపాను. తర్వాత అక్క జ్వరంతో పోయింది.

దినాలకు సందుగులోంచి ఆ ఫొటోనే తీశారు. అందరూ మెచ్చుకున్నారు. అప్పుడు ఆరేళ్ల నా బిడ్డ మాత్రం, అత్తమ్మ ఇట్లా లేదు కదా అంది. మా ఆవిడ ఊరుకోబెట్టింది. ఇప్పుడు ఆ పిల్లకు పదమూడేళ్లు. మొన్న స్నేహితురాలికి ఆ పటం చూపించి, మా అత్తమ్మ మంచి పొడుగు అని చెబుతుంటే విన్నాను. నాకు తల కొట్టేసినట్టయింది. గోడ మీదే కాదు, పిల్ల మనసులోంచి కూడా అక్కను నేనే తుడిచేశాను.

నాకు ఆ వంగిన మనిషి కావాలి. ఎంత కావాలో చెప్పలేను. పాత కంప్యూటర్ డిస్కు పట్టుకుని హైదరాబాద్ పోయాను, దాని మీద ఎన్నో పెళ్లిళ్లు ఎక్కాయి, ఏమీ రాదన్నారు. పాత ఆల్బమ్‌లన్నీ గాలించాను, ఎక్కడైనా జనం వెనకాల నిలబడి ఉంటుందేమోనని. అక్క పెళ్లిళ్లకు పోయేది కాదు కదా. ఒకరోజు పొద్దున్నే స్టూడియో తలుపు వేసుకుని, లైట్ల ముందు కట్టె పట్టుకుని నేనే వంగి నిలబడ్డాను. మెడ పక్కకు తిప్పి పైకి చూస్తూ ఫొటో తీసుకున్నాను. ఒక తల్లి పిల్లలం, ఎక్కడో దొరక్కపోతుందా అనుకున్నాను. ముక్కు దొరికింది. గడ్డం దొరికింది. ఆ చూపు దొరకలేదు. ఏడ్చాను. ఏడిస్తే వస్తుందా?

అక్క బాధపడకూడదనే అట్లా చేశానని ఇన్నేళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఇప్పటిదాకా మీకు కూడా సగమే చెప్పాను.

ఫొటో తీసిన రోజు, నిలబడి అలసిపోయిన అక్క పరదా వెనక బల్ల మీద నడుము వాల్చింది. అంతలో నార్కట్‌పల్లి నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఉన్నవాళ్లు, పెళ్లి ఆల్బమ్ మాట్లాడుకోవడానికి. కంప్యూటర్ మీద అక్క ఫొటో ఉంది. వాళ్ల అమ్మాయి చూసి మొహం తిప్పుకుంది. పెద్దావిడ ఎవరీమె అని అడిగింది. ఎవరో గిరాకి, పింఛను ఫొటోకు వచ్చిందని చెప్పాను. తడబడలేదు కూడా. వాళ్లు పోగానే మొహం ముక్క ఒకటి కోసి ఉంచుకుని, పదకొండూ తుడిచేశాను.

పరదా ఉత్త బట్ట. అక్క రెండు బారల దూరంలో ఉంది. బయటికి వచ్చి, పోదామా తమ్మీ అంది, అంతే. స్కూటర్ మీద ఎప్పుడూ నా నడుము పట్టుకుని కూర్చునేది. ఆ రోజు వెనక కడ్డీ పట్టుకుంది. ఇంత విని కూడా, నాలుగు రోజుల తర్వాత, మళ్లీ తీస్తవా అని నన్నే అడిగింది.

దేవుడి పోలిక సంగతి నాకు తెలియదు. అక్కకు తెలుసుకోవాలని ఉండేది, ఆ దారి నేను మూసేశాను. క్షమించమని అడగడానికి ఆమె లేదు, ఇంకెవరిని అడిగినా అది దొంగ అడగడమే. ఆ నార్కట్‌పల్లి వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో కూడా తెలియదు. వాళ్లకు చెప్పాల్సిన జవాబు మీకు చెబుతున్నాను.

ఆమె గిరాకి కాదు. ఆమె పేరు సత్తెమ్మ. మా అక్క.