ప్యో గారికి నచ్చిన చారు

కొరియాలోని తొంగ్‌యొంగ్ రేవు మొత్తానికి రుచి తెలియని మనిషెవరంటే అందరూ ప్యో గిల్సప్ గారినే చూపించేవారు. ఎక్కడ కాఫీ కషాయంలా ఉంటుందో అక్కడే కూర్చునేవారు. క్షవరానికి కూడా చెవులకి గాట్లు పెట్టే మంగలినే ఏరికోరి పట్టుకునేవారు.

అలాగని తీసిపారేయదగ్గ మనిషి కాదు. పోలియో వచ్చి ఇళ్లలో మూలపడి ఉన్నవాళ్లని బయటికి తెచ్చి, చేపల గోదాం వెనక గదిలో వలలు బాగుచేసే పని నేర్పించి సంఘం పెట్టారు. అందులో మొదట చేరింది మీయోక్. చక్రాల కుర్చీలో బెదురుతూ వచ్చిన ఆ పిల్ల ఇప్పుడు కొత్తవాళ్లకి పని నేర్పుతోంది. ఊరంతా ఆయనకి దణ్ణం పెట్టేది. భోజనానికి మాత్రం ఆయన వెంట ఎవరూ వెళ్లేవారు కారు.

పూటకూళ్ల మల్సూన్‌కి ఇది నవ్వులాట కాదు. ఆమె ముల్లంగాకు చారు కోసం పూసాన్ నగరం నుంచి కూడా జనం వస్తారు. ఆయన ఒక్క చెంచా నోట పెట్టలేదు. చాలా ఏళ్ల కిందట మీయోక్‌తో ఆమె కొట్టు మెట్ల దాకా వచ్చారు. లోపలున్నవాళ్లు కుర్చీని ఎత్తుకొద్దామని పరుగెత్తేసరికి మీయోక్ తల దించుకుంది. ఆకలి లేదని చెప్పి, ఆయన మీయోక్‌ని తీసుకుని తిన్నగా ఫిల్లే గారి పూటకూళ్ల కొట్టుకి వెళ్లి తిన్నారు. ఫిల్లే గారి చారంటే వేడినీళ్లలో ఆకులు ఈతకొట్టడమే. ఆ అవమానం మల్సూన్‌కి గుండెల్లో ముల్లులా ఉండిపోయింది.

సంఘం ఇరవయ్యో ఏటి విందు తన దగ్గర పెట్టుకోమని ఆమె వెళ్లి అడిగింది.

"ఫిల్లే అక్క చేతి రుచే వేరు చెల్లెమ్మా" అన్నారాయన.

అదేం రుచో చూద్దామని మల్సూన్ ఉక్రోషంగా ఫిల్లే గారి కొట్టుకి బయల్దేరింది. గుమ్మం దగ్గర అలవాటుగా కాలెత్తింది. మెట్టు లేదు. కాలు గాల్లో తేలి దబ్బున నేలమీద పడింది, ఆమె తూలి గోడ పట్టుకుంది.

"మెట్టేమైందక్కా?" అంది.

"మీయోక్ కుర్చీ ఎక్కట్లేదని సంఘం పెట్టిన కొత్తల్లోనే పగలగొట్టించేశానమ్మా. అందరూ నాకు పిచ్చన్నారు" అన్నారు ఫిల్లే గారు.

మల్సూన్‌కి కాఫీ కొట్టు, మంగలి కొట్టు గుర్తొచ్చాయి. ఒక్కదానికీ మెట్టు లేదు. ఇన్నేళ్లూ ఆయన్ని తిట్టుకున్నందుకు ఆమెకి సిగ్గేసింది. చారు రుచి చూసింది. నిజంగానే నీళ్లు. గిన్నె ఖాళీ చేసి, ఇంటికొస్తూ మేస్త్రీని వెంటబెట్టుకొచ్చింది.

విందు రోజున మీయోక్ కుర్చీ ఎవరూ చెయ్యి వెయ్యకుండానే మల్సూన్ కొట్లోకి దొర్లుకుంటూ వచ్చింది. పొయ్యికి దగ్గరగా ఉన్న బల్ల తనదేనంది మీయోక్. వెనకే సంఘమంతా వచ్చింది. ప్యో గారు ఫిల్లే గారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన పక్కనే కూర్చోబెట్టుకున్నారు.

మొదటి చెంచాకి ఆయన కళ్లు మూసుకున్నారు. చాలాసేపు తెరవలేదు. తర్వాత వంచిన తల ఎత్తకుండా మూడు గిన్నెలు తాగారు.

"ఇప్పుడు చెప్పండన్నా, ఎవరి చారు బాగుంది?" అంది మల్సూన్.

ఫిల్లే గారు తన గిన్నెలోకే చూస్తూ కూర్చున్నారు.

"ఫిల్లే అక్కదే" అన్నారాయన, ఖాళీ గిన్నెని నాలుగోసారి నింపమని చాస్తూ.

మల్సూన్ గిన్నె అంచుదాకా పోసింది.