కుంకుమ మీద నెపం

“పూజ పులిహోర తిన్న నోరమ్మా ఆ శ్రీవత్సది! రెండోసారి అడిగి పెట్టించుకుని మరీ తిన్నాడు. ఆ చెయ్యి కడుక్కోగానే రాశాడు, ‘రూటర్ కన్సోల్ పోర్టులో మతపరమైన పొడి పడింది, పరికరం పనికిరాదు’ అని. మతపరమైన పొడంట! కుంకుమని కుంకుమ అనడానికి నోరు రాలేదా, బెజవాడలో పుట్టినవాడికి?”

అంటూనే మధుసూదన్ చేతి గడియారం విప్పి గారేజీ కిటికీ గట్టు మీద పెట్టాడు. ఏ పెట్టె మూత తియ్యబోయినా ముందు గడియారం తియ్యడం ఆయన అలవాటు. తణుకులో టీవీలూ రేడియోలూ బాగుచేసిన ఇరవై ఏళ్లూ అంతే. భార్య రమామణికి నర్సు ఉద్యోగం వచ్చి ఇద్దరూ దేశం దాటి ఈ టౌరంగా ఊరు చేరాక గడిచిన ఈ పదకొండేళ్లూ అంతే.

ఎదురుగా స్టూలు మీద హిమజ కూర్చుని వింటోంది. కివీ పండ్లు డబ్బాల్లో సర్ది పంపే ప్యాక్‌హౌస్‌లో ఆమె రిసెప్షన్ చూస్తుంది. ఆయన అక్కడే నెట్‌వర్క్ పరికరాలు చూసే కాంట్రాక్టు మనిషి. ఎవరూ నేర్పకుండానే బస్సులో వీడియోలు చూసి ఈ విద్య కొంత పట్టుకున్న హిమజకి, ఆయన కోపంలో కూడా నేర్చుకునే సంగతులు దొరుకుతాయి. అందుకే అడ్డురాదు.

బల్ల మీద ఆ రూటర్ ఉంది. నిన్న స్క్రాప్ ట్రాలీలో పడేస్తే, అడిగి తెచ్చింది హిమజే. దసరాకి ప్యాక్‌హౌస్‌లో పనిముట్లకి పూజ చేసి ఆయన పెట్టిన బొట్టు దాని ముందువైపు ఇంకా చెదరలేదు. ఆ బొట్టు వల్లే చెడిందని ఐటీ మేనేజర్ శ్రీవత్స రిపోర్టు రాశాడు. మధుసూదన్ గేటు కార్డు ఆపేశారు. సోమవారం మీటింగులో పైవాళ్లు ఆ రిపోర్టుకి సరేనంటే కాంట్రాక్టు రద్దు.

“పోతే పోయింది, ఇంకో పని చూసుకుంటాను. కానీ ముప్పై ఏళ్లలో నా చేతిలో పాడైన పెట్టె ఒక్కటి లేదమ్మా. ఇప్పుడు బొట్టు పెట్టి పెట్టెని చంపేశానంటారా?”

“అంకుల్, కన్సోల్ పోర్టంటే నెట్‌వర్క్ పడిపోయినా రూటర్‌తో నేరుగా మాట్లాడే దారి, అంతేగా?”

“అంతే. వీధి తలుపు బిగుసుకుపోతే పెరటి గుమ్మం లాంటిది.”

ల్యాప్‌టాప్‌కి కేబుల్ తగిలించి రూటర్ ఆన్ చేశాడు. తెర మీద వరసగా అక్షరాలు పరుగెత్తాయి.

“చూశావా! చచ్చిందన్న పెట్టె ఎంత వాగుతోందో!”

హిమజ ఎంటర్ నొక్కింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

“అది చెప్పేది మనకి చేరుతోంది, మనం చెప్పేది దానికి చేరట్లేదు. అచ్చం శ్రీవత్స,” అన్నాడు మధుసూదన్.

సెట్టింగులు సరిచూశాడు. కేబుల్ ఊడదీసి, దాని చివర పంపే తీగనీ అందుకునే తీగనీ కలిపి టైపు చెయ్యమన్నాడు. హిమజ కొట్టిన అక్షరాలన్నీ వెనక్కి వచ్చాయి. కేబుల్‌లో దోషం లేదు. ఇక పోర్టు లోపలే.

కరెంటు తీసేసి, టార్చి వేసి, భూతద్దం పెట్టి చూశాడు. భూతద్దం ఇంకా దగ్గరికి తెచ్చాడు. హిమజ ఆయన ముఖం చూసి దగ్గరికి జరిగింది. కివీ పండ్ల గోధుమరంగు నూగు మధ్యలో ఎర్రగా మూడు రేణువులు.

“ఉందమ్మా,” అన్నాడు నెమ్మదిగా. “నాదే బుద్ధితక్కువ. మూత మీద పెడితే నెత్తిన పెట్టినట్టుంటుందని, ముఖానికి పెట్టాను. పోర్టులున్న వైపే దానికి ముఖం కదా.”

ఆల్కహాల్‌లో ముంచిన సన్నటి కుంచెతో మూడు రేణువులూ, చిటికెడు నూగూ బయటికి తీశాడు. ఆరాక మళ్లీ తగిలించాడు. హిమజ ఎంటర్ నొక్కింది. అదే మౌనం.

మధుసూదన్ బల్ల మీద చరిచాడు. “కడిగేశాం కదా! ఇప్పుడెవరి మీద పెడతాడు నేరం? ఇంత నూగుంటే దాని పేరు రాయలేదు, మూడు రేణువుల కుంకుమ మాత్రం కనబడింది వాడి కళ్లకి!”

ఆయన అరుస్తూ ఉండగానే హిమజ ప్లగ్గుని వేలితో కాస్త పైకెత్తి, మళ్లీ ఎంటర్ నొక్కింది. తెర మీద రూటర్ పేరు వచ్చింది. వేలు తీసేసింది. ఎంత నొక్కినా మళ్లీ కదల్లేదు.

“అంకుల్, ఇటు చూడండి.”

ఆయన చూశాడు. రెండోసారి చేయించుకుని చూశాడు. కరెంటు తీసి, స్క్రూలు విప్పి బోర్డు తిరగేశాడు. పోర్టు పిన్నుల్లో ఒకదాని చుట్టూ టంకం వెంట్రుకవాసి చీలి ఉంది. దారి తెగకుండా ఉంటే మోగే మీటరు, పెడితే మోగలేదు. పిన్నుని పక్కకి నొక్కితే మోగింది.

“తలుపమ్మా, తలుపు! ప్రతిసారీ వంగి కేబుల్ గుచ్చే ఓపిక లేక శ్రీవత్స దాన్ని పోర్టులో అలాగే ఉంచేస్తాడు. కేబుల్ అడ్డొచ్చి, రూటర్ పెట్టే బీరువా, అదే ఆ రాక్, తలుపు పట్టదు. మోకాలితో తన్ని మూస్తాడు. తన్నినప్పుడల్లా ఆ దెబ్బంతా ఈ పిన్ను మీదే. కేబుల్ తీసెయ్యమని రెండు మెయిళ్లు పెట్టాను. వాడి మోకాలి పాపం నా బొట్టుకి చుట్టాడా!”

కోపం మాటలో ఉంది గాని చేతిలో లేదు. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేదాకా ఆగి, పాత టంకం పీల్చేసి కొత్తది పెట్టాడు. చిన్న గుండు, నున్నగా మెరిసింది. మీటరు మోగింది. బోర్డు బిగించి, కేబుల్ పెట్టి, ప్లగ్గుని అటూ ఇటూ కదిలిస్తూ, “కొట్టు” అన్నాడు. రూటర్ పేరు వచ్చింది. పది సార్లు కొడితే పది సార్లూ వచ్చింది.

మధుసూదన్ గడియారం పెట్టుకున్నాడు. ముందువైపు బొట్టు తడిగుడ్డతో శుభ్రంగా తుడిచేశాడు. ఇంట్లోకి వెళ్లి కుంకుమభరిణ తెచ్చి, ఈసారి మూత మధ్యలో, ఏ సందుకీ దగ్గర కాకుండా, రూపాయంత బొట్టు పెట్టాడు. రూటర్‌ని తువ్వాల్లో చుట్టి హిమజ చేతిలో పెట్టాడు.

“నన్ను గేటు దాటనివ్వరు. సోమవారం మీటింగుకి నువ్వు తీసుకెళ్లు తల్లీ. బల్ల మీద పెట్టి, అందరి ముందూ శ్రీవత్స చేతే ఎంటర్ కొట్టించు. ముందువైపు పెట్టడం నా తప్పేనని కూడా చెప్పు, దాచకు. తలుపు సంగతీ చెప్పు. ఇంకొక్కటి. ఆ మూత మీద బొట్టు తుడవమని ఎవరన్నా అంటే, ముందు అదేమిటో వాడి నోటితో పేరు చెప్పించు.”