ఆంధ్రగుండు

ఉదయం ఆరూ ఇరవైకి జీపు నన్ను చెక్‌పోస్టు దగ్గర దించింది. ఏప్రిల్ మూడో వారం. హాలహర్వి దాటి తొమ్మిది కిలోమీటర్లు. ఒక రేకుల షెడ్డు, ఇసుక నింపిన నాలుగు డ్రమ్ములు, రోడ్డుకు అడ్డంగా ఎరుపూ తెలుపూ రంగేసిన కట్టె. కట్టెకు అవతల కర్ణాటక. రెండు పక్కలా నల్లరేగడి, పగుళ్ళలో చెయ్యి పట్టేంతగా నెర్రెలిచ్చి ఉంది. షెడ్డు వెనక మూడు నిలువుల ఎత్తున ఒక రాతిగుండు. నీడ అంటూ ఉంటే అది ఒక్కటే, అదీ పదింటి వరకే.

నా సామాను: వైర్‌లెస్ సెట్టు, బ్యాటరీలు రెండు, ఏరియల్ కడ్డీ, లాగ్ పుస్తకం, ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను, టోపీ. ఆర్డరు: పోలింగ్ అయ్యేదాకా ఇరవై ఆరు రోజులు, ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు. వచ్చిన ప్రతి బండినీ ఆపాలి, చూడాలి. గంటకోసారి ఆదోని కంట్రోలుకు సెట్టులో చెప్పాలి.

కేంద్ర బలగాల్లో ఇరవై ఏళ్ళు వైర్‌లెస్ ఆపరేటరుగా చేసి ఎమ్మిగనూరు వచ్చేశాను. అది మిలిటరీ కాదని మా వీధిలో వివరించి వివరించి అలిసిపోయి, మిలిట్రీ మేడమ్ అంటే పలుకుతున్నాను. బలగాల్లో చేసి వచ్చిన మాజీలను ఎన్నికల డ్యూటీకి పిలిచినప్పుడు ఆడవాళ్ళు ఎందుకులే అన్నాడు ఒక గుమాస్తా. ఆదోనిలో బీయస్సీ ఫిజిక్స్ చదివాను, మంచులో నిలబడి సెట్టు మోశాను, నువ్వేం మోశావో చెప్పు అన్నాను. పేరు రాసుకున్నాడు.

చెక్‌పోస్టులో ఇంకో ఇద్దరు. దేవనకొండ నుంచి వచ్చిన హెడ్ కానిస్టేబులు, ఆదోని నుంచి వచ్చిన వీడియోగ్రాఫరు. ఆ వీడియోగ్రాఫరు పెళ్ళిళ్ళు తీసే మనిషి. ఆపిన లారీని కూడా పెళ్ళికొడుకును తీసినట్టు కింద నుంచి పైకి తీసేవాడు.

మొదటి రోజే ఫోన్ మోగింది. కర్ణాటకకు స్వాగతం అని మెసేజి. మాకు దగ్గరలో ఉన్న టవరు అవతలి వాళ్ళది. మన టవరు మిట్టకు ఆ వైపున ఉంది, దాని సిగ్నలు కిందికి అందదు. దాంతో హాజరు యాప్ మొరాయించింది. కంట్రోలును పిలిచాను.

“మేడమ్, మీరు డ్యూటీ ఏరియాలో లేనట్టు సూపిస్తాంది.”

“అప్పా, కట్టెకు ఈ పక్కనే నిలబడినా. ఆంధ్రా ఎండే నెత్తిన పడతాంది.”

“యాప్ ఒప్పుకోవాల కదా మేడమ్.”

“ఆ యాప్‌ను ఒకసారి ఈడికి పంపు. నిలబెట్టి సూపిస్తా.”

ఫోన్లు వచ్చాక సరిహద్దులు చెరిగిపోయాయని పేపర్లలో రాస్తుంటారు. రాసేవాళ్ళు మా షెడ్డులో ఒక పూట కూర్చోవాలి. నేలమీద అక్కడ గీతే లేదు. ఈ పొలం రైతు ఆ పొలం వాళ్ళకు పిల్లనిచ్చి పుచ్చుకున్నవాడే. గీత గీసింది ఫోనే.

మాకు టీ తెచ్చేది ఈరమ్మ. షెడ్డు పక్కనే ఆమె టీ బంకు, పొలాల అవతలే ఊరు. నా వయసే, నాకంటే నోరు తక్కువ. ఆ ఊరివాళ్ళు కొన్ని ఫోన్లు చెయ్యడానికి షెడ్డు వెనక గుండు ఎక్కడం రెండో రోజే గమనించాను. పైన సున్నంతో ఒక గుర్తు. అక్కడ నిలబడి చెయ్యి పైకెత్తి, స్పీకరు పెట్టి, ఆకాశంతో మాట్లాడినట్టు అరుస్తారు. ఆంధ్రా టవరు అందేది ఆ పైనేనట, అందుకే దాన్ని ఆంధ్రగుండు అంటారు. కరెంటాఫీసుకు, అంబులెన్సుకు, ఉపాధి పని హాజరుకు అక్కడికి పోవాలి. బళ్ళారి చుట్టాలతో మాట్లాడాలంటే ఎక్కనక్కర్లేదు.

నాకు నవ్వొచ్చింది. ఫోన్ చూపించాను. “ఈరమ్మా, ఈడ నాలుగు గీతలు నిండుగా ఉండాయి. కోతుల మాదిరి ఆ రాయెక్కేది దేనికి?”

“ఆ గీతలు మనవి కాదు మేడమ్. కన్నడోళ్ళవి.”

“సిగ్నలుకు కులమా, గోత్రమా? ఇరవై ఏండ్లు దాంతోనే బతికినా.”

“నీకు తెలిసిందే సెప్తావు. టీ సల్లారతాంది, తాగు.”

కానిస్టేబులు ముఖం తిప్పుకొని నవ్వాడు. నేను ఇంకో పది నిమిషాలు తరంగాల గురించి పాఠం చెప్పాను. ఆమె గ్లాసులు కడుక్కుంది.

పద్నాలుగో రోజు. రెండూ ముప్పై ఐదు. గాలి లేదు. మా జీపును ఆ పూట తనిఖీకి వచ్చిన అధికారి తీసుకుని ఆలూరు పోయాడు. అరగంట నుంచి ఒక్క బండీ రాలేదు. పొలం వైపు నుంచి ఈరమ్మ కోడలు సుంకమ్మను ఇద్దరు ఆడవాళ్ళు రెక్కలు పట్టుకుని తెచ్చారు. పత్తికట్టె వామి నుంచి కట్టెలు లాగుతుంటే ఎడమచేతి చూపుడువేలి మీద రక్తపింజర కాటేసింది. కాటు పడి పావుగంట. చెయ్యి మణికట్టు దాకా వాచింది. రెండుసార్లు వాంతి అయింది.

వీడియోగ్రాఫరు బైకు తీశాడు. “మధ్యలో కూసోబెట్టుకుని హాలహర్వికి పోతాం మేడమ్.”

“కదిలించొద్దు,” అన్నాను. అది పాఠమే. కాటు పడినవాళ్ళను కదలనివ్వకూడదు. ఆ పిల్ల కూర్చోలేకపోతోంది, దారంతా గుంతలు. “పండబెట్టండి. చెయ్యి కదలనీకండి. అంబులెన్సును పిలుస్తాను.”

నాలుగు గీతలు. నంబరు కొట్టాను. రెండో రింగుకే ఎత్తారు. ఎంత వేగం అనుకున్నాను.

“యావ తాలూకు?” ఏ తాలూకా అని కన్నడంలో అడిగింది అవతలి అమ్మాయి.

ఆ ఒక్క ప్రశ్నకే నాకు బుద్ధి రావాలి. ఏ టవరు అందుకుంటే ఆ రాష్ట్రానికి పోతుంది ఆ నంబరు. ఇది నాకు తెలియనిది కాదు, నేనే కొత్తవాళ్ళకు నేర్పినదాన్ని. కానీ కన్నడం వచ్చు కదా, ఎవరి బండి అయితేనేం అనుకున్నాను. ఊరి పేరు చెప్పాను. “గాడి హొరటిదె,” బండి బయలుదేరింది, ఇరవై నిమిషాలు అంది. లాగ్ పుస్తకంలో రాశాను: రెండూ నలభై ఒకటి.

తలెత్తి, “వస్తాంది ఈరమ్మా,” అన్నాను.

“నువ్వు మాట్లాడు మేడమ్. నేను పోయొస్తా,” అంది. చెప్పులు కింద వదిలింది. రబ్బరు చెప్పులు ఆ రాయి మీద జారుతాయి. కొంగు నడుముకు చుట్టి, ఫోన్ రవికెలో దోపుకుని గుండు ఎక్కింది. అక్కర్లేదన్నాను. వినలేదు.

రెండూ యాభై మూడు. నా ఫోన్ మోగింది. అంబులెన్సు డ్రైవరు. “గుడి హత్తిర ఇద్దేనె మేడమ్. పేషెంట్ ఎల్లి?” గుడి దగ్గర ఉన్నాడట, పేషెంట్ ఎక్కడ అంటున్నాడు. మా దగ్గర గుడి లేదు. సిరుగుప్ప వైపు ఇదే పేరున్న ఊరు ఇంకొకటి ఉంది. అతను అక్కడ నిలబడి మా సుంకమ్మను వెతుకుతున్నాడు. అతని తప్పు లేదు. తాలూకా ఏదన్నది తేల్చకుండా నేను పెట్టేసిన ఫోనది.

పన్నెండు నిమిషాలు. బైకు మీద అయితే సగం దారి దాటేది. సుంకమ్మ చిగుళ్ళలో నెత్తురు కనిపిస్తోంది. సెట్టు ఎత్తాను. మూడు గంటల రిపోర్టులకు మిగతా చెక్‌పోస్టులవాళ్ళు ముందే వరసలో ఉన్నారు, కంట్రోలు బిజీ. రెండోసారి. బిజీ. ఇరవై ఏళ్ళ సర్వీసు ఒక చేతిలో సెట్టుగా, ఒక చేతిలో ఫోనుగా నిలబడింది, ఏదీ పనికిరాలేదు.

“మేడమ్, పైన సూడు,” అన్నాడు కానిస్టేబులు.

ఈరమ్మ సున్నపు గుర్తు మీద నిలబడి ఉంది. చెయ్యి ఆకాశానికి ఎత్తి, ముఖం ఎత్తి అరుస్తోంది.

“వంక దాటినావా నాయనా? దాటితే ఎడం పక్క తిరుగు. కుడి పక్క పోతే కంకర మిషను. ఆడికి పోవద్దు. మిలిట్రీ మేడమ్ టోపీ పెట్టుకోని రోడ్డు మీద నిలబడి ఉంటాది, సూసుకో.”

పోయి రోడ్డు మీద నిలబడ్డాను. అంతకు మించి నాకు మిగిలిన పని లేదు. మూడూ ఆరుకు బండి వచ్చింది. హాలహర్వి బండి. కట్టె ఎత్తాం. అది రావడం, పోవడం లాగ్‌లో రాశాను. తనిఖీ చేయకుండా వదిలిన బండి మొత్తం డ్యూటీలో అదొక్కటే.

ఆదోని ఆసుపత్రిలో సుంకమ్మకు ఆరు రోజులు పట్టింది. డాక్టరు ఇంకొంచెం ఆలస్యమైతే అని ఆపాడట. ఆ వాక్యం నేను పూర్తి చేసుకున్నాను. పోలింగ్ రోజు ఆమె వచ్చింది. చూపుడువేలికి కట్టు ఉండడంతో సిరాచుక్క నడిమివేలికి పెట్టారు. నాకు చూపించి నవ్వింది.

ఈరమ్మ నవ్వలేదు. చివరి రోజు టీ ఇస్తూ అడిగింది. “మేడమ్, మీ ఎమ్మిగనూరులో ఎన్ని గీతలు?”

“నాలుగు.”

“ఎవరివి?”

అంత పెద్ద నోరు నాది, టీ తాగి గ్లాసు పెట్టేశాను.

సెట్టు, బ్యాటరీలు ఆదోనిలో అప్పగించి సంతకం చేశాను. సాయంత్రం బస్సులో ఎమ్మిగనూరు. బస్టాండులో దిగితే అందరి చేతుల్లో ఫోన్లు, వంచిన మెడలు. ఈరమ్మ వాళ్ళ ఊళ్ళో టవరు కడతామన్నారని తర్వాత విన్నాను. కట్టారో లేదో తెలియదు.

నాకు మాత్రం ఆ రోజు రోడ్డు మీద టోపీ పెట్టుకుని నిలబడి వెనక్కి తిరిగి చూసిందే కనిపిస్తుంది. మే నెల ఎండకు కాలిన రాయి. దాని మీద ఈరమ్మ వట్టి కాళ్ళు. కుడికాలు ఎత్తి ఎడమకాలి మీద, ఎడమకాలు ఎత్తి కుడికాలి మీద, మారుస్తూనే ఉంది. ఎత్తిన చెయ్యి మాత్రం బండి కనబడేదాకా కదల్లేదు.