బుడ్డోణ్ణి పర్చూరులో దించి రావడం

మా ఇంట్లో ఊటీ మాట పదకొండేళ్ళ నాటిది. ఒక వేసవి మా అమ్మాయి లలితకి ఆటలమ్మ పోసింది. ఇంకో వేసవి మా ఆయనకి అపెండిక్స్ ఆపరేషన్. మరో వేసవి బోరు ఎండిపోయింది, ఊటీకని దాచింది కాస్తా కొత్త బోరులోకి పోయింది. ఈసారి మాత్రం మంగళవారం రైలుకి టిక్కెట్లు ఖాయమయ్యాయి. లలిత ఏప్రిల్ ఎండలో సత్తెనపల్లి బజారంతా తిరిగి స్వెట్టరు కొనుక్కుంది. షాపతను అటక మీంచి తీసి, దుమ్ము దులిపి ఇచ్చాడట. ఇక మిగిలింది బుడ్డోడు.

బుడ్డోడంటే మా కుక్క. గ్రేట్ డేన్ జాతి. నాలుగేళ్ళ కిందట మా ఆయన కూరల సంచీలో పెట్టుకుని తెచ్చి, "మరీ ఏం పెరగదులే" అన్నారు. ఆ మాట నమ్మి ఆ పేరు పెట్టాం. ఇప్పుడు వాడు ఊరికే నిలబడితే గడ్డం మా భోజనాల బల్లకి ఆనుతుంది. నేను కుక్కల మనిషిని కాను, ముందే చెబుతున్నాను. బళ్ళో అరవైమందికి లెక్కలు చెప్పి వచ్చేదానికి ఇంట్లో ఇంకో జీవి ఎందుకు? కానీ పిల్లప్పుడు వాడికి జబ్బు చేస్తే వారం రోజులు చెంచాతో గంజి పోశాను. అప్పట్నుంచీ నా చేత్తో పెడితే తప్ప తినడు. మా ఆయన పెట్టినా మొహం తిప్పేస్తాడు. ఈ సంగతి అందరికీ విసుక్కుంటూ చెబుతాను. విసుగు ఎంతో, గొప్ప ఎంతో నాకే తెలుసు.

గుంటూరులో కుక్కల్ని ఉంచుకునే చోటు ఒకటి చూశాం. గది మా బీరువా అంత ఉంది. వాడు లోపలికి వెళ్తే వెనక్కి తిరగలేడు, రివర్సులో రావాల్సిందే. అందుకని పర్చూరు దగ్గర పల్లెలో ఉండే మా పిన్నికి ఫోన్ చేశాను. "తీసుకురావే అమ్మాయ్. కల్లంలో మిరపకాయలు ఎండబోశాం, కాపలాకి పనికొస్తాడు" అంది. ఇంట్లో ముగ్గురం కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాం. ఆదివారం నేను వాణ్ణి తీసుకెళ్ళాలి. సాయంత్రంలోగా వేరేవాళ్ళ చేత్తో ఒక్క పూట తింటే అక్కడ వదిలేసి రావాలి. తినకపోతే వెనక్కి తెచ్చి, ఊటీ టిక్కెట్లు రద్దు చేసుకోవాలి.

ఉదయం ఆరు పది. సత్తెనపల్లి బస్టాండు. ఒక చేతిలో గొలుసు, రెండో చేతిలో వాడి క్యారేజీ. అందులో ఉప్పు, కారం లేకుండా కోడి రసంతో వండిన అన్నం. కండక్టరు వాణ్ణి ఎగాదిగా చూశాడు.

"కోడిపుంజయితే ఒళ్ళో పెట్టుకోమంటాను మేడమ్. దీన్ని పెట్టుకుంటారా?"

"వాడు సిద్ధమేనండి. నేనే మోయలేను" అన్నాను.

నవ్వాడు గానీ ఎక్కనివ్వలేదు. పెద్ద కుక్కతో బయల్దేరేవారికి నా మొదటి సలహా ఇదే: బస్టాండు దాకా వెళ్ళి పొద్దు పాడు చేసుకోకండి. మా వీధిలో ఉండే మస్తాన్ కి ట్రాలీ ఆటో ఉంది. ఈ రోజుల్లో ఖాళీగా పర్చూరు వైపు వెళ్ళి, మిర్చి లోడుతో గుంటూరు యార్డుకి వస్తాడు. ఫోన్ చేస్తే ఆరు నలభైకల్లా వచ్చాడు. "ఎట్టాగూ ఖాళీగానే పోతున్నాగా, ఎక్కించండి టీచరమ్మా" అన్నాడు.

బుడ్డోడు వెనక ఒక్కడే ఎక్కనన్నాడు. లాగాం, తోశాం, బిస్కెట్టు చూపించాం. నేను ఎక్కితే ఎక్కాడు. అలా గోతాల మీద బాసింపట్టు వేసుకుని, గొడుగు పట్టుకుని, పక్కన దూడంత కుక్కతో సత్తెనపల్లి మెయిన్ రోడ్డు మీద ఊరేగాను. నా ఎనిమిదో తరగతి పిల్లలు ఇద్దరు సైకిళ్ళు ఆపి మరీ "గుడ్ మార్నింగ్ టీచర్" అన్నారు. సెలవులిచ్చే ముందు సోమవారం ఇంకా ఒక్కరోజు బడి ఉందన్న సంగతి నాకు అప్పుడే గుర్తుకొచ్చింది.

నరసరావుపేట దాటేసరికి ఏడున్నర. ఇరుపక్కలా పత్తి చేలు ఖాళీ అయిపోయి, కట్టె గట్ల మీద కుప్పలు వేసి ఉంది. చిలకలూరిపేటలో టిఫిన్ కి ఆగాం. ఇడ్లీ బాగుంది, అల్లం చట్నీ ఇంకా బాగుంది. నేను రెండో ఇడ్లీ తుంచేలోపు ఆటో చుట్టూ పదిమంది చేరారు.

"కరుస్తుందాండీ?" అని ఒకాయన దూరంగా నిలబడి అడిగాడు.

"కరవదండి. మీద కూర్చుంటుంది."

ఆయన ఇంకో రెండు అడుగులు వెనక్కి వేశాడు. పక్కనున్న పెద్దావిడ మాత్రం దగ్గరికొచ్చి, వాడి తల నిమిరి, "ఇంత ఒళ్ళు పెట్టుకుని ఏం పని చేస్తాడమ్మా?" అంది. నాలుగేళ్ళుగా నేను అడుగుతున్న ప్రశ్న అదే.

తొమ్మిదిన్నరకి పిన్ని కల్లం చేరాం. ఊరి బయట అరెకరం మేర ఎర్రగా పరిచిన మిరపకాయలు, అంచున ఒక వేపచెట్టు, చెట్టు కింద ఆరుగురు ఆడవాళ్ళు తెల్లబారిన తాలు కాయలు ఏరుతున్నారు. ఆటో ఆగగానే ఘాటు గుప్పుమంది. మస్తాన్ కి దగ్గు. బుడ్డోడికి తుమ్ములు. ఒక్కో తుమ్ముకీ తల నేలకి కొట్టుకున్నంత పనయింది. నాకు ఏమీ కాలేదు. ఆ కల్లాల్లోనే పుట్టి పెరిగాను. చిన్నప్పుడు మిరపకాయల పక్కనే పడి నిద్రపోయేదాన్ని. ఎంత ఘాటయినా నా కంట నీళ్ళు తిరగవు.

"టీచరుద్యోగం చేసినా నీ ముక్కు మాత్రం మన ఊరిదేనే" అని పిన్ని మెచ్చుకుంది. తర్వాత వాణ్ణి చూసి, "అబ్బో, నలుగురు దొంగలకి చాలతాడు" అంది.

ఆ మాట ఇంకా గాల్లో ఉండగానే పిల్లల కోడి ఒకటి రెక్కలు విదిలించుకుని వాడి మీదికొచ్చింది. నలుగురు దొంగలకి చాలేవాడు పరిగెత్తుకొచ్చి నా చీర కుచ్చిళ్ళ వెనక దాక్కున్నాడు. సగమే పట్టాడు. కాయలేరే ఆడవాళ్ళు పని ఆపి నవ్వారు. మస్తాన్ లోడు ఎక్కించుకుంటూ, "పిన్నిగారూ, కాపలాకి ఆ కోడిని ఉంచుకోండి" అని సలహా ఇచ్చి వెళ్ళాడు.

పదకొండున్నరకి మొదటి ప్రయత్నం. పిన్ని గిన్నె పట్టుకుని "తిను నాయనా" అంది. వాడు మిరపకాయల వైపు చూశాడు. కాయలేరే వాళ్ళలో మార్తమ్మ అనే ఆవిడ ముద్ద చేసి పెట్టబోయింది. ఆకాశం వైపు చూశాడు. ఇంటికి ఫోన్ చేశాను.

"తినడం లేదు" అన్నాను.

"అమ్మా, ఆ చెప్పడంలో నీకంత సంతోషం ఏంటి?" అంది లలిత. "నువ్వు ఎదురుగా కూర్చుంటే వాడెందుకు తింటాడు? పక్కకెళ్ళు."

మిర్చి నింపి కుట్టిన టిక్కీలు గోడలా పేర్చి ఉన్నాయి. వాటి వెనక కూర్చుని సందులోంచి చూశాను. పన్నెండున్నరకి తినలేదు. ఒంటిగంటకి తినలేదు. లలిత స్వెట్టరు గుర్తొచ్చి పాపమనిపించింది. అబద్ధమెందుకు, అంతకంటే ఎక్కువ హాయిగా అనిపించింది. నేను లేకపోతే గడవని ప్రాణం ఈ భూమ్మీద ఒకటుంది కదా అనుకున్నాను.

రెండింటికి కూలీల అన్నాల వేళ. పిన్నికి ఒక అలవాటు. ఆ పూట కొత్తావకాయ కలిపిందంటే ఎవరి క్యారేజీ వాళ్ళని తిననివ్వదు. కలిపిన బేసిన్ లోనే వేడన్నం పోసి, నెయ్యి వేసి కలిపి, అందర్నీ వరసగా కూర్చోబెట్టి చేతిలో తలో ముద్దా పెడుతుంది. ఆరుగురూ వేపచెట్టు కింద కూర్చున్నారు. బుడ్డోడు లేచాడు. ఒళ్ళు విరుచుకున్నాడు. వెళ్ళి మార్తమ్మ పక్కన, వరసలో ఏడోవాడిగా కూర్చున్నాడు.

పిన్ని మాటల్లో పడి వరస వెంట పెట్టుకుంటూ పోయింది. ఆరు చేతులయ్యాక ఏడోది నోరు. పెట్టేసింది.

నేను టిక్కీల వెనక నుంచి ఒక్క ఉరుకున వచ్చాను. "పిన్నీ, కారం! డాక్టరు చంపేస్తాడు."

వాడు మింగాడు, ఒక్కసారి తుమ్మాడు. తర్వాత ఇంత లావు కాలెత్తి పిన్ని మోకాలి మీద పెట్టి, రెండో ముద్దకి చూశాడు.

పశువుల డాక్టరుకి ఫోన్ చేస్తే, నీళ్ళు బాగా తాగించమని, ఆవకాయ మళ్ళీ పెడితే ఊరుకోనని అన్నాడు. వాడు బకెట్టు నీళ్ళు తాగి మళ్ళీ వరసలోకొచ్చి కూర్చున్నాడు. పిన్ని శుభ్రంగా చెయ్యి కడుక్కుని, నేను తెచ్చిన చప్పిడన్నం వాడికి విడిగా ముద్దలు చేసింది. ఆరుగురికి ఆవకాయ ముద్దలు ఆరు, వాడికి చప్పిడిది ఒకటి. మళ్ళీ ఆరుగురికి, మళ్ళీ వాడికి. క్యారేజీ ఖాళీ అయింది.

"నువ్వు వీడికి ఇంట్లో ఎట్టా పెడతావే?" అని అడిగింది పిన్ని.

"అందరికంటే ముందు, వంటింట్లో విడిగా."

"అదీ సంగతి. వీడికి కావాల్సింది నీ చెయ్యి కాదే అమ్మాయ్, పంక్తి."

నాలుగేళ్ళు. ఈ ఒక్క ముక్క నాకు తోచలేదు.

నాలుగున్నరకి బయల్దేరాను. వాడు వేపచెట్టు కింద పిన్ని ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాడు. కోడి కూడా పక్కనే సర్దుకుంది. "బుడ్డోడా, వెళ్ళొస్తాను" అన్నాను. తోక రెండుసార్లు నేలకేసి కొట్టాడు. లేవలేదు.

పర్చూరులో ఐదూ పదికి చిలకలూరిపేట బస్సు. కిటికీ సీటు దొరికింది. ఇంటికి ఫోన్ చేసి "తిన్నాడు" అన్నాను. లలిత వేసిన కేకకి పక్క సీట్లో ఆవిడ కూడా తిరిగి చూసింది. మా ఆయన ఫోన్ అందుకున్నారు. "ఎన్ని ముద్దలు?" అన్నారు. "పదకొండు" అన్నాను. "మన ఇంట్లో తొమ్మిదేగా" అని ఫోన్ పెట్టేశారు.

ఈ దారిన వచ్చేవారికి చెప్పదగ్గవి ఇంకా రెండున్నాయి. పర్చూరు నుంచి సాయంత్రం బస్సులో ఎడమ వైపు కూర్చుంటే ఎండ మొహాన కొడుతుంది. పిన్ని చేతి ఆవకాయ సీసా ఒళ్ళో పెట్టుకోవద్దు, నూనె కారుతుంది. ఇంకేదో ఒకటి రాద్దామనుకున్నాను, గుర్తు రావడం లేదు. ఖాళీ క్యారేజీ మాటిమాటికీ గలగలమంటోంది.

పక్క సీటావిడ నా మొహం చూసి నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చింది. "మిర్చి కల్లం నుంచి వస్తున్నారా? అలవాటు లేనివాళ్ళకి అంతేనండి. కళ్ళు నలపకండి, ఇంకా మండుతాయి" అంది.

"అవునండీ" అన్నాను. "ఘాటు ఎక్కువగా ఉంది."