సురక్షిత భారం: బెజవాడ నుంచి నాంపల్లికి, మళ్లీ ఇంటికి

బెజవాడ నుంచి హైదరాబాదు పోయేవాళ్లు దారిలో ఏ స్టేషన్లో ఏం తినాలో చాలామంది రాశారు. ఏమీ తిననని పట్టుబట్టిన పన్నెండేళ్ల పిల్లను వెంటబెట్టుకుని ఎలా వెళ్లాలో మాత్రం ఎవరూ రాసినట్టు లేదు. ఆ అవసరం పడినవారి కోసం ఇది రాస్తున్నాను. నేను పాలిటెక్నిక్‌లో సివిల్ చదివి కాలవల శాఖలో ఓవర్సీరుగా పనిచేస్తున్నాను. కాబట్టి ఇందులో కొలతలు నమ్మవచ్చు. నన్ను ఎంతవరకు నమ్మాలో చదివాక మీరే తేల్చుకోండి.

పిల్ల మా అక్క కూతురు జానకి. 1967 వేసవి సెలవులు అయిపోయాక అన్నం తగ్గించడం మొదలుపెట్టింది. ముందు నెయ్యి వద్దంది. తరువాత పప్పు, ఆ తరువాత పెరుగు. దసరా నాటికి ముద్దను కంచంలో ఈ అంచు నుంచి ఆ అంచుకు నడిపించడమే దాని భోజనం. జడ పలచబడింది. నాలుగు మెట్లెక్కితే కళ్లు తిరిగి గోడ పట్టుకునేది. మావాళ్లు చేయించిన వైద్యాలు వరసగా ఇవి: దిష్టి తీయడం (మూడు పద్ధతుల్లో), నులిపురుగుల మందు, తాయెత్తు, ఎర్రరంగు టానిక్కు, తొడపాశం. ఆడపిల్లను అంతలేసి చదువులు చదివించడం వల్లే ఆకలి చచ్చిందని మా పెద్దత్త తేల్చింది. ఆవిడ మనవరాలు బడి మొహం చూడలేదు, బాగానే తింటుంది. కనుక వాదనకు ఆధారం ఉంది.

నా వంతుగా నేను గళ్ల కాగితం మీద గ్రాఫు గీశాను. అడ్డంగా తేదీలు, నిలువుగా ముద్దలు. నెల తిరిగేసరికి గీత సగానికి దిగింది. గీత మాత్రం చాలా శుభ్రంగా వచ్చింది.

చివరికి మా ఊరి డాక్టరుగారు, "దీని సంగతి నాకు అంతుబట్టడం లేదు. ఇలాగే వదిలేస్తే గుండె మీదకి వస్తుంది. ఆబిడ్స్‌లో పిల్లల డాక్టరమ్మ ఒకావిడ ఉన్నారు, వెంటనే వెళ్లండి" అని చీటీ రాసిచ్చారు. బావకి సెలవు దొరకలేదు. డిసెంబరు మొదటి వారంలో అక్కా, జానకీ, నేనూ బయల్దేరాం.

ఉదయం ఆరుంబావుకి ప్యాసింజరు ఎక్కాం. కిటికీ పక్క చోటు కావాలంటే అరగంట ముందు రావాలి. మేము ముప్పావుగంట ముందు వచ్చాం. తినని పిల్లతో వెళ్తున్నాం కదా అని అక్క ఐదుగురికి సరిపడా కట్టింది: పులిహోర, దద్దోజనం, జంతికలు, ఊరగాయ సీసా, డజను అరటిపళ్లు. గ్రాఫు పుస్తకం నా సంచిలో ఉంది.

కొండపల్లి దాటకముందే ఎదుటి బల్ల మీద పొగాకు వ్యాపారి ఒకాయన జానకిని పలకరించాడు. "ఏమ్మా, టిఫిను తిన్నావా?"

జానకి తల దించుకుంది. "తినదండీ, అదే మా బాధ" అని అక్క మొదలుపెట్టింది. మధిర వచ్చేసరికి పెట్టెలో సగంమందికి జానకి కథ తెలుసు. ఖమ్మం వచ్చేసరికి ప్రతివాళ్ల దగ్గరా ఒక మందు ఉంది. "కాకరకాయ రసం పట్టండి" అన్నాడొకాయన. "రెండు తగిలించండి" అన్నాడు పొగాకాయన. ఆయన ముగ్గురు పిల్లలూ ఆ వైద్యంతోనే పెరిగారట.

నేను లెక్క రాశాను. బెజవాడ నుంచి కాజీపేట దాకా జానకిని "తిన్నావా?" అని అడిగినవారు పదకొండుమంది. పేరేమిటని అడిగినవారు ఇద్దరు.

కాజీపేటలో బండి ఇరవై నిమిషాలు ఆగుతుంది. ప్లాట్‌ఫారం మీద బరువు చూసే మిషను ఉంది. పైన రంగురంగుల దీపాలు, లోపల తిరిగే చక్రం. "మామయ్యా, పది పైసలియ్యవా, జోస్యం చూస్తాను" అంది జానకి. పిల్లకు ఒక్క సరదా అయినా మిగిలిందని సంతోషించి ఇచ్చాను. టక్కుమని అట్టముక్క పడింది. దాన్ని ఒక్కసారి చూసి జామెట్రీ బాక్సులో దాచుకుంది. జోస్యం ఉండేది అట్ట వెనకవైపు. జానకి అట్టను తిప్పలేదు. ఈ సంగతి గమనించి పుస్తకంలో రాసుకున్నాను కూడా. రాసుకోవడం, అర్థం చేసుకోవడం వేరు వేరని అప్పటికి నాకు తెలియదు.

నాంపల్లి చేరేసరికి నాలుగూ ముప్పై అయిదు. యాభై నిమిషాలు ఆలస్యం. స్టేషను ఎదురుగా లాడ్జీలున్నాయి. నీళ్లు ఎన్నింటికి వస్తాయో అడిగాకే గది తీసుకోండి. అక్కడి నుంచి ఆబిడ్స్‌కి నడిస్తే పావుగంట. జానకి నడవలేదు కనుక మర్నాడు పొద్దున రిక్షా మాట్లాడాం. "బిడ్డ గింత బక్కగుంది, ఏం తినదా సార్?" అన్నాడు రిక్షా అతను. పన్నెండు.

నర్సింగ్ హోం గడియారాల దుకాణం పక్క సందులో ఉంది. డాక్టరు సుగుణగారిది మెదక్ వైపు. తెల్లచీర, మగవాళ్ల వాచీ. జానకి చేతిలో జామెట్రీ బాక్సు చూసి "నీ పేరేంది? ఏ లెక్కలు ఇష్టం నీకు?" అని అడిగింది. నేను గ్రాఫు బల్ల మీద పరిచాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"గ్రాఫు మంచిగుంది. మీ కాలవకు వాడుకోండి. పిల్లకు వద్దు."

ఆవిడ చెప్పినవి ఇవి. ఇది మొండితనం కాదు, జబ్బు. పిల్ల వారాల తరబడి ఇక్కడే ఉండాలి, తల్లి తోడుండాలి. వేళకు కొంచెం కొంచెం తిండి, పక్కన కూర్చుని తినే మనిషి. బరువు చూసేటప్పుడు పిల్ల ముల్లుకు వీపు పెట్టి నిలబడాలి, అంకె చెప్పకూడదు. ఆఖరిది: ఎవరూ "తిన్నావా?" అని అడగకూడదు.

"అది పలకరింపు కదండీ, నమస్కారం లాంటిది" అంది అక్క.

"ఔనమ్మా. రోజుకు ఇరవైసార్లు నమస్కారం పెడితే దేవుడైనా లేచిపోతాడు."

ఆ మధ్యాహ్నం పక్కన కూర్చుని తిన్న మనిషి ఆయా యాదమ్మ. నేను తలుపు చాటు నుంచి పెన్సిలు పట్టుకుని చూస్తున్నాను, అలవాటు కొద్దీ. యాదమ్మ కంచంలోంచి తల ఎత్తకుండానే అంది: "ఏంది సారూ, గట్ల గుడ్లప్పగించి చూస్తే ముద్దెట్ల దిగుతది? మీరు తినంగ గిట్ల లెక్కవెడ్తే మీకు దిగుతదా? జర బయటికి వోయి చాయ్ తాగుండ్రి."

వెళ్లి తాగాను. ఆ పదిరోజుల సెలవులో ఆబిడ్స్ ఇరానీ హోటళ్లన్నీ నాకు కంఠస్థమయ్యాయి. చాయ్‌తో పాటు ఉప్పు బిస్కెట్టు అడగండి.

తొమ్మిదో రోజున డాక్టరుగారు నన్ను లోపలికి పిలిచారు. బల్ల మీద జానకి జామెట్రీ బాక్సు, దాని నిండా బరువు అట్టలు. బెజవాడ స్టేషనులోవీ, సినిమాహాలు దగ్గరివీ, కాజీపేటదీ. జానకే తెచ్చి ఇచ్చిందట. ప్రతి అట్ట మీదా పెన్సిలుతో ఒకే మాట: "సురక్షిత భారం దాటింది."

"పన్నెండేళ్ల పిల్ల మాట కాదే ఇది. ఎక్కడిది?"

ఆ మాట నాది. ఆ వేసవిలో అక్క ఇంట్లో ఉయ్యాల గొలుసులు నేనే మార్చాను. వంతెనల దగ్గర రాసినట్టుగా బల్ల అంచున ఎర్ర ఎనామిల్‌తో రాశాను: "సురక్షిత భారం: ముగ్గురు పిల్లలు లేదా ఒక్క జానకి." ఇల్లంతా పడీపడీ నవ్వింది. జానకి కూడా నవ్వింది. అక్షరాల గుండ్రదనాన్ని బావ ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు.

అంతా చెప్పాను. ఆవిడ తిడుతుందనుకున్నాను. "ఒక్క మాటతో జబ్బు రాదు, బాబూ. కానీ వచ్చిన జబ్బు ఒక మాటను పట్టుకుని వేలాడతది" అంది. తిట్టినా బాగుండేది.

మర్నాడే ఇంటికి వెళ్లి ఉయ్యాల దింపాను. ఎనామిల్ టేకులోకి ఇంకిపోయింది. చిత్రిక పట్టినా అక్షరాల నీడ పోలేదు. బల్లే మార్చాను.

ఫిబ్రవరిలో వాళ్లని తీసుకురావడానికి మళ్లీ వచ్చాను. (ఎగ్జిబిషన్ రోజుల్లో నాంపల్లిలో రిక్షా దొరకడం కష్టం; సాయంత్రం ప్రయాణాలు పెట్టుకోకండి.) జానకి మెట్లు దిగి తనే ఎదురొచ్చింది. బుగ్గల మాట నేను ఎత్తలేదు; ఆ మాత్రం నేర్చుకున్నాను. నయమైందా అంటే డాక్టరుగారు ఇంకా ఔననలేదు. నెలకోసారి రావాలి, మధ్యలో వెనక్కి జారవచ్చు, భయపడవద్దు అన్నారు.

"ఉయ్యాల బల్ల మార్చాను, జానకీ" అన్నాను. "అది రాయడం నా తప్పు."

"కొత్తదాని మీద ఏం రాశావు?"

"ఏమీ రాయలేదు."

"మరి ఎంత మోస్తుందో ఎలా తెలుస్తుంది?"

"ఎక్కి చూడాలి."

"ముందు నువ్వెక్కు" అంది.

తెల్లారి నాంపల్లి ప్లాట్‌ఫారం మీద బరువు మిషను ముందు జానకి ఆగిపోయింది. చక్రం తిరుగుతోంది. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. జానకి తన దగ్గరున్న పది పైసల బిళ్ల తీసి నా చేతిలో పెట్టింది. "నువ్వెక్కు మామయ్యా."

ఎక్కాను. అట్ట పడింది. తనే అందుకుని వెనక్కి తిప్పి, ఇంగ్లీషు జోస్యాన్ని తెలుగు చేసి చదివింది: "'తక్కువ మాట్లాడిన మీకు మేలు కలుగును.'" నిజంగా అలాగే ఉందా, చూపించమన్నాను. చూపించలేదు.

ఈ ప్రయాణం నుంచి నేను మూటగట్టుకున్నది ఇంతే: బండి ఎప్పుడొస్తుందో టైంటేబిల్లో ఉంటుంది, ఆకలి ఎప్పుడొస్తుందో ఉండదు. వచ్చినప్పుడు దారిలో మనం అడ్డంగా నిలబడకుండా ఉంటే చాలు.

కాజీపేటలో ఒక ముసలావిడ బుట్టతో ఎక్కి జానకి పక్కన కూర్చుంది. కూర్చోగానే, ఏ పాపమూ తెలియకుండా అడిగింది: "బువ్వ తిన్నవా బిడ్డా?"

అక్కా నేనూ బిగుసుకుపోయాం.

"ఇంకా లేదమ్మా" అంది జానకి. "నువ్వు తిన్నావా?"

"ఔ బిడ్డా, పొద్దుగాల్నే తిన్న."

అక్క క్యారియరు విప్పింది. నేను కిటికీ వైపు తిరిగి టెలిగ్రాఫు స్తంభాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అరవై రెండో స్తంభం దగ్గర వెనక నుంచి "మామయ్యా, ఆ ఊరగాయ సీసా ఇలా ఇయ్యి" అని వినిపించింది.

ఆ తరువాత లెక్క తప్పింది.