మెరెహియా దీవించని భోజనం

ఆగస్టు రెండో శనివారం పొద్దున్న పదకొండు గంటలకి మెరెహియా రగ్బీ మైదానంలోని భోజనాల గది తలుపు తోసి గుమ్మంలోనే నిలబడిపోయింది. పొడుగాటి తిండిబల్లల మీద మగజట్టు సామానంతా పరుచుకుని ఉంది. బురద కరుచుకున్న బూట్లు, చెమటకి అట్టగట్టిన మేజోళ్ళు, ఎవడిదో తడి లోదుస్తు. పక్క వంటింట్లో గొర్రెమాంసం ఉడుకుతోంది. ఆ వాసనా ఈ వాసనా కలిసి ఆవిడ గొంతుకి అడ్డం పడ్డాయి.

"ఏమైందత్తా?" అని వెనకనించి ఆడజట్టు కెప్టెన్ రంగిమారీ అడిగింది.

"ఏం లేదే. లోపలికి రండి. దేన్నీ ముట్టుకోకండి." అని, మూలనున్న చీపురు తిరగేసి, ఆ లోదుస్తుని కర్ర కొసకి తగిలించి కిటికీలోంచి అవతల పారేసింది.

న్యూజిలాండ్‌లో మావోరి ఇళ్ళల్లో పాకే పిల్లలకి కూడా తెలిసిన సంగతి ఒకటుంది. తిండి పెట్టే బల్ల మీద కూర్చోరు, విప్పిన బట్ట వెయ్యరు, టోపీ అయినా పెట్టరు. ఒంటిది ఒంటిదే, తిండిది తిండిదే. ఇది చదువుకుని నేర్చుకునేది కాదు. మెరెహియాకి వాళ్ళమ్మ చేతి దెబ్బతో వచ్చింది.

ఆవిడకి అరవై ఒకటి. భర్త గొర్రెల బొచ్చు కత్తిరించే ముఠాలో పనిచేసి పోయాడు. ఆవిడ అదే ముఠాకి ముప్పై ఏళ్ళు వండిపెట్టింది. ప్రాంతపు ఆడపిల్లల రగ్బీ జట్టుకి మేనేజరుగా చేరి ఇరవై రెండేళ్ళయింది. మేనేజరంటే పేరుకే. తెల్లవారుజామున వ్యానేసుకుని కొండల వెంట తిరిగి పిల్లల్ని ఎక్కించుకోవడం, ఆడేవాళ్ళ పసిపిల్లల్ని మైదానం గీత పక్కన ఎత్తుకోవడం, ఎవరు తినకుండా వచ్చారో మొహం చూసి కనిపెట్టి చేతిలో వేయించిన రొట్టె పెట్టడం ఆవిడ పని. ఇవన్నీ చెయ్యమని ఆవిడని అడిగినవాళ్ళు లేరు, అడగాల్సిన అవసరమూ రాలేదు. ఆట అయ్యాక భోజనానికి ముందు దేవుణ్ణి తలుచుకుని తిండిని దీవించేదీ ఆవిడే. ఆవిడ నోట ఆ మాటలు వచ్చేదాకా ఎంత పెద్ద అధ్యక్షుడైనా చెంచా ఎత్తడు.

మైదానంలో బట్టలు మార్చుకునే గదులు రెండున్నాయి. ఆడవాళ్ళ ఆట పన్నెండింటికి, మగవాళ్ళది రెండున్నరకి. పన్నెండింటికి ఆడేవాళ్ళకి గదులు ముందు ఇవ్వాలని ఎవరికైనా తోస్తుంది. మగజట్లు మాత్రం పదింటికే వచ్చి రెండూ పట్టుకుంటాయి. మిగిలిన బురద సామాను భోజనాల గదిలోకి తోస్తాయి. ఆ సామాను మధ్యలో మన పిల్లలు. పక్క ఊరినించి వచ్చిన ఆడజట్టుకి రిఫరీ గది. అందులో మరుగుదొడ్డికి తలుపు లేదు.

ఆ శనివారం ఇరవై ముగ్గురు పిల్లలూ నేలమీదే కూర్చుని బట్టలు మార్చుకున్నారు. పాడి రైతు కూతురు జోసీ, తెల్లపిల్ల, ఆ ఏడే కొత్తగా వచ్చింది. తెలియక బల్ల మీదికి ఎగిరి కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకోబోయింది.

"దిగవే," అంది రంగిమారీ.

"ఏం?"

"నీ వెనకభాగం పెట్టిన చోట సాయంత్రం నా కంచం పెట్టుకోవాలా?"

అందరూ గొల్లుమన్నారు. జోసీ మొహం కందగడ్డలా ఎర్రబడింది. గబుక్కున దిగి, ఎవరూ చెప్పకుండానే వేడినీళ్ళు తెచ్చి ఆ బల్లంతా కడిగింది. మెరెహియా ఆ పిల్ల తల నిమిరింది. ఆ రోజు ఆవిడకి మంచిగా అనిపించింది అదొక్కటే.

ఆట నెగ్గారు. కానీ రెండో సగంలో నైరీ చీలమండ మెలితిరిగింది. ఇద్దరు మోసుకొస్తుంటే పిల్ల కేకలకి మెరెహియా మతిపోయి, "బల్ల మీద పడుకోబెట్టండి, తొందరగా!" అని తనే అరిచింది. మంచు పెట్టి కట్టు కట్టాక గానీ ఆవిడ కళ్ళు తెరుచుకోలేదు. బల్ల మీద బురద, నెత్తురు, పిల్ల చెమట. తన నోటితో తనే చెప్పింది.

ఆ బల్లని నలుగురి చేత కొట్టంలోకి మోయించేసింది. ఇక అది బూట్లకే. గురువారం నాడు చర్చి హాల్లోంచి ఇంకో బల్ల అడిగి తెచ్చి దాని చోట వేసింది. నవ్వుతూ వ్యాన్‌లోకి ఎత్తించిన పాస్టరు ఎందుకని కూడా అడగలేదు.

తర్వాతి వారం దక్షిణాన వేరే ఊళ్ళో గాలివానలో ఓడిపోయారు. ఆ పై వారం నెగ్గారు. జోసీ పరుగు చూసి అవతలి జట్టువాళ్ళే చప్పట్లు కొట్టారు. వారం వారం పిల్లలు గట్టిపడ్డారు. స్క్రమ్‌లో భుజాలు కలిపి తోస్తే ఎదుటి ఎనిమిది మందీ తడిమట్టి మీద వెనక్కి జారిపోయేవాళ్ళు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి సెమీఫైనల్ దగ్గరకొచ్చింది. అదీ సొంత మైదానంలో.

గది మాత్రం అదే. మెరెహియా ప్రాంతపు రగ్బీ సంఘం మేనేజరు నెవిల్ హాస్కిన్‌ని మూడుసార్లు అడిగింది. ఆయన మూడుసార్లూ నవ్వాడు. కోపం రాని మనిషి. మాట్లాడుతుంటే నూనె రాసినట్టు ఉంటుంది. "ఒక్క గంటే కదా మెరెహియా గారూ, తుడిచేస్తారు కదా," అనేవాడు. తుడిచే కాగితాల పెట్టె ఒకటి పంపించాడు కూడా.

సెమీకి ముందు ఆఖరి ఇంటి ఆటనాడు ఆవిడ కొంచెం ముందుగా వచ్చింది. మగజట్టు మర్దన బల్ల కాలు విరిగిందట. తిండిబల్లల మీదే నడుం దాకా విప్పుకుని ఇద్దరు బోర్లా పడుకుని ఉన్నారు. మర్దనవాడు వాళ్ళ తొడలకి నూనె పట్టిస్తున్నాడు. ఒకడు రొట్టెముక్క నములుతున్నాడు, అక్కడే, ఆ బల్ల మీద పడుకునే.

"లేవండి," అంది మెరెహియా.

"ఐదు నిమిషాలు అవ్వా," అన్నాడు నములుతున్నవాడు.

ఆ సాయంత్రం ఆ చెక్క మీద నూనె మెరుస్తూనే ఉంది. దాని మీదే మాంసం, దాని మీదే రొట్టె. అలవాటు కొద్దీ ఆవిడ లేచి దీవించింది. మాటలు నోట్లోంచి వస్తుంటే నాలుక మీద జిడ్డు పేరుకున్నట్టయింది. దేవుడికి ఎంగిలి పెట్టినట్టనిపించి ముద్ద ముట్టలేదు.

మంగళవారం ఆఫీసుకెళ్ళింది.

"శనివారం సెమీఫైనల్. నా పిల్లలకి సరైన గది కావాలి. తిండిబల్లల మీద ఎవరూ పడుకోకూడదు. మగాళ్ళయినా సరే."

"నైరీని ఆ రోజు మీరే పడుకోబెట్టారుగా?" అన్నాడు హాస్కిన్, చిరునవ్వు చెదరకుండా.

"పెట్టాను. తప్పు చేశాను. ఆ బల్ల ఇప్పుడు కొట్టంలో ఉంది. దాని బదులు చర్చి బల్ల వేశాను. మీరు గమనించలేదు."

ఆయన కలం మూత పెట్టాడు. "చూడండి, గది అదే. శనివారం పెద్దవాళ్ళొస్తున్నారు. ఏదైనా గొడవ చేశారో, ఈ జట్టుతో మీ పని అయిపోయినట్టే. ఫైనల్‌కి ఇంకొకరిని పంపుతాం."

మెరెహియా తల ఊపి లేచింది. ఇరవై రెండేళ్ళు ఒక వాక్యంలో పోతాయని ఆవిడ అనుకోలేదు. బయట వ్యానెక్కి తిన్నగా రంగిమారీ ఇంటికి పోనిచ్చింది.

శనివారం పొద్దున్నే రంగిమారీ పనిచేసే గొర్రెబొచ్చు ముఠా బస్సు మైదానం వెనకాల ఆగింది. కిటికీలకి దుప్పట్లు కట్టారు. నేలమీద శుభ్రమైన గోనెలు పరిచారు. పిల్లలు ఐదుగురేసి ఎక్కి బట్టలు మార్చుకున్నారు.

"అమ్మో, గొర్రె కంపు!" అంది జోసీ ముక్కు మూసుకుని.

"గొర్రె కంపంటే కష్టం చేసినవాళ్ళ కంపే. ఆ గదిలోది చూశావుగా," అంది రంగిమారీ.

అవతలి జట్టు మేనేజరు లొరేన్ దూరం నించి చూస్తూ నిలబడింది. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు. దగ్గరకొచ్చి మెల్లిగా అడిగింది: "మాకిచ్చిన రిఫరీ గదిలో మరుగుదొడ్డికి తలుపు లేదమ్మా. మా పిల్లలకీ కాస్త చోటుంటుందా?"

"ఉండకేం. రండి," అంది మెరెహియా. కాసేపట్లో తలపడబోయే పిల్లలు ఒకే బస్సులో ఒకరి జడలు ఒకరు వేసుకున్నారు.

ఆ ఆట ఎంత గట్టిగా సాగిందంటే, చివరి నిమిషం దాకా ఎవరిదీ కాదు. ఇంక బంతి ఆగితే ఓటమే అనగా స్క్రమ్ తోసుకుంటూ గీతదాకా వెళ్ళింది. ఎనిమిది మంది కిందనించి రంగిమారీ చెయ్యొకటి బయటికొచ్చి బంతిని గీత అవతల నొక్కింది. రెండు పాయింట్ల తేడాతో నెగ్గారు. మెరెహియా ఎవరి పసిపిల్లనో గుండెకి హత్తుకుని ఏడ్చింది.

సాయంత్రం అందరూ భోజనాల గదిలో చేరారు. ఆడపిల్లలు వాడుకోని ఆ గదిని మగజట్టు పూర్తిగా ఆక్రమించుకుంది. బల్లల మీద నూనె మరకలు, ఒక మూల వెంట్రుకలు అంటుకున్న పట్టీ. వాటి పక్కనే మాంసం పళ్ళేలు. మెరెహియా నోట్లో నీళ్ళూరాయి, వాంతికి ముందు ఊరే నీళ్ళు.

హాస్కిన్ గ్లాసు మీద చెంచాతో కొట్టాడు. "మెరెహియా గారు దీవిస్తారు." తర్వాత దగ్గరకొచ్చి చెవిలో అన్నాడు, "బస్సు సంగతి నేను చూడనట్టే. ఆ నాలుగు మాటలూ అనేయండి. వచ్చే శనివారం ఫైనల్‌కి మీరే వెళ్తారు."

గదంతా తల వంచుకుని ఎదురుచూస్తోంది. రంగిమారీ ఒక్కతే తల ఎత్తి చూస్తోంది.

నాలుగు మాటలే. కళ్ళు మూసుకుంటే అయిపోతుంది. ఆవిడ కళ్ళు మూసుకుంది కూడా. మూసుకుంటే వాసన ఇంకా ఎక్కువైంది.

"నేను దీవించను," అంది కళ్ళు తెరిచి. పెద్ద గొంతు కాదు. "మీ ఒంటి మురికి మీద పెట్టిన తిండికి దేవుడి పేరు తియ్యను. నాకు రోత పుడుతోంది హాస్కిన్ గారూ. ఈ సీజనంతా పుడుతూనే ఉంది." తర్వాత లొరేన్ వైపు తిరిగింది. "మీరు మా అతిథులు. ఆకలితో పంపితే నాకు పాపం. బయటికి రండి తల్లీ."

ముందు లొరేన్ లేచింది. తర్వాత జోసీ. ఆ తర్వాత కుర్చీల చప్పుడే. వంటింట్లోంచి ముసలి వంటాయన డెస్ ఇంకా వడ్డించని గిన్నెని రెండు చేతులా ఎత్తుకుని, ఎవరినీ చూడకుండా, వాళ్ళ వెనకాలే బయటికి నడిచాడు. గడ్డి మీద పంది ఎముకల పులుసు, వేయించిన రొట్టెలు. మెరెహియా అక్కడ ప్రార్థన చేసింది. ఆ మాటలు నోట్లో శుభ్రంగా ఉన్నాయి.

సోమవారం సంఘం నించి కాగితం వచ్చింది. ఆవిడ సేవలకి కృతజ్ఞతలట. విశ్రాంతి కోరుకున్నారట. ఆవిడ కోరుకున్నదేమీ లేదు. ఆ కాగితాన్ని రెండు వేళ్ళ కొసలతో పట్టుకుని పొయ్యిలో పడేసింది.

రంగిమారీ మర్నాడే వచ్చింది. "మేం వెళ్ళమత్తా. హాస్కిన్ ఎవరితో ఆడిస్తాడో ఆడించుకోమను."

"వెళ్ళకపోతే నీ తాట తీస్తాను. ఇరవై రెండేళ్ళు నేను వ్యాన్ తోలింది మీరు ఇంట్లో కూర్చోడానికా?"

శనివారం తెల్లవారాక ఫైనల్‌కి వెళ్ళే బస్సు ఆవిడ గేటు ముందు ఆగింది. పిల్లలందరూ దిగి వాకిట్లో చుట్టూ నిలబడ్డారు. కొత్త మేనేజరు ఇస్త్రీ కోటు వేసుకుని బస్సు మెట్టు మీద నించే గడియారం చూసుకున్నాడు.

మెరెహియా వాళ్ళ కాళ్ళకి, మోకాళ్ళకి, దారికి, అవతలి జట్టు పిల్లలకి కూడా దేవుణ్ణి అడిగింది. ఆగింది. మళ్ళీ అంది: "ప్రభూ, హాస్కిన్‌ని క్షమించే మనసివ్వమని అడుగుదామనుకున్నాను. అబద్ధం ఆడలేను. ఇంకా కడుపులో తిప్పుతూనే ఉంది. రేపు ఆదివారం అడుగుతాను."

వంచిన తలల కింద పిల్లల భుజాలు నవ్వుతో కదిలాయి. జోసీ కళ్ళు తుడుచుకుంది. బస్సు వెళ్ళిపోయింది.

ఫైనల్ పదకొండు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. రెండో సగంలో బాగా ఆడారని రంగిమారీ ఫోన్ చేసి చెప్పింది. ఆదివారం మెరెహియా చర్చిలో రెండో వరసలో కూర్చుంది. అందరికోసం అడిగింది. హాస్కిన్ పేరు నోటిదాకా వచ్చింది. ముక్కు చిట్లించుకుని మింగేసింది.