కట్టతో పాటు పోయిన ఎడ్ల ఫోటో

మా బజారులో నాలాంటి బేరగాడు ఇంకొకడు లేడు. నేను తీసిన ఫోటోను నేనే అమ్మి, మళ్లీ నేనే కొన్నాను. అమ్మింది టోకు ధరకు, కొన్నది చిల్లర ధరకు.

జహీరాబాదులో మాది బట్టల కొట్టు. నడవని చీరలు పేరుకుపోతే నాన్న వాటిని కట్టగా కట్టి, పైన ఒక్క మంచి చీర పెట్టేవాడు. అది విడిగా ఇవ్వనని భీష్మించుకునేవాడు. ఆ ఒక్కదాని కోసం మిగతావన్నీ పోయేవి. నాకు వచ్చిన విద్య అదే. కెమెరా తర్వాత వచ్చింది.

తిరుగుతూ ఫోటోలు తీసి ఆన్‌లైన్‌లో అమ్ముకుంటే బతికిపోవచ్చని ఎవరో చెబితే నమ్మి, నాలుగు నెలలు బైకు మీద రాయికోడ్, న్యాల్‌కల్, అవతల కర్ణాటక పల్లెలు తిరిగాను. ఒక్కటీ అమ్ముడుపోలేదు. లాడ్జి మంచం మీద నడుం వాల్చి, ఎవరూ కొనని జొన్నచేలను ఫోన్‌లో చూసుకునేవాణ్ణి.

ఒక్కటి మాత్రం బాగా వచ్చింది. న్యాల్‌కల్ దగ్గర, మా కొట్టుకు బట్టలకు వచ్చే ఒక ముసలి రైతు పొద్దున్నే మంచులో తన ఎడ్ల జతను నిలబెట్టాడు.

"తీయి సేటు. గని నాకొక కాపీ కావాలె. ఊకె నిలబడనీకి ఇవి నీ కొట్ల బొమ్మలు గావు."

ఇస్తానన్నాను.

తర్వాత హైదరాబాదులో హోటళ్ల గోడలకు ఫోటోలు అమర్చే వ్యాపారి ఒకడు దొరికాడు. అతనికి కావలసింది ఎడ్ల ఫోటో ఒక్కటే. నేను కట్ట కట్టాను. ముప్పై తొమ్మిది నడవనివి, పైన ఎడ్లు. ఇరవై నాలుగు వేలు. నా దగ్గర కాపీ ఉండొద్దన్నాడు. దానికి వేరే ధర అని మూడు వేలు పెంచి, అతని ముందే అన్నీ చెరిపేసి సంతకం పెట్టాను. గెలిచినవాడిలా బస్సెక్కాను. రైతు గుర్తుకొచ్చేసరికి బస్సు పటాన్‌చెరు దాటింది.

నెల తర్వాత ఆ రైతే కొట్టుకు వచ్చాడు.

"ఏది సేటు, నా ఫోటో?"

"రేపొచ్చి మళ్ల తీస్త కాకా. ఎడ్లు యాడికి పోతయి?"

"పొయినయి. నాకు మోకాళ్లు నొస్తున్నయని మొన్న అంగట్ల అమ్మిన. ఇంటామె కొట్టం దిక్కు చూస్తలేదు. ఫోటో తెస్తనని చెప్పి వచ్చిన."

రెండు రోజులు ఆగమన్నాను. అతను వెళ్లాక, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న నాన్న నెమ్మదిగా అన్నాడు.

"కట్ట మీద మన సరుకే పెట్టిన గని, ఇంకొకరికి ఇస్తనన్నది ఎన్నడు పెట్టలే."

మళ్లీ హైదరాబాదు వెళ్లాను. ఫ్రేముతోనే ఇస్తానని వ్యాపారి మూడున్నర వేలు చెప్పాడు. తీసింది నేనే కదా అన్నాను.

"తీసినందుకు పైసలిచ్చిన గద భయ్యా."

గంట బేరానికి మూడు వందలు తగ్గాయి.

ఫ్రేమును రైతు ఇంటికి పట్టుకెళ్లాను. అతని భార్య దాన్ని కొంగుతో తుడిచి, ఎడమవైపు ఎద్దు కొమ్ము మీద వేలు పెట్టి అలాగే కూర్చుంది. రైతు వంద నోటు తీశాడు. వద్దనాలి. నా నోరు మాత్రం "ఫ్రేముకే చానా అయింది కాకా" అంది. ఇంకో యాభై ఇచ్చాడు. తీసుకున్నాను.

వచ్చినవి ఇరవై ఏడు వేలు. పెట్రోలు తొమ్మిది వేల నాలుగు వందలు, లాడ్జీలు ఆరు వేల ఎనిమిది వందలు, లెన్సు మరమ్మతు నాలుగు వేల రెండు వందలు, నా ఫోటో నేను కొన్నది మూడు వేల రెండు వందలు, దానికోసం బస్సుకు నాలుగు వందలు. మిగిలినవి మూడు వేలు. రైతు ఇచ్చిన నూటయాభై రాయకుండా వదిలేద్దామనుకున్నాను. తీసుకున్నాను కాబట్టి రాస్తున్నాను. మూడు వేల నూటయాభై.